డాక్టర్ సీటు ఇంటర్వ్యూకి ఎలా సిద్ధం కావాలి? ఆప్షన్లు లేని పరీక్ష ఇది

"ఒక పేషెంట్ నాకు మందులు వద్దంటున్నాడు. నువ్వేం చేస్తావు?" అని అడిగితే మా మేనకోడలు మొదటి రోజు ఇచ్చిన జవాబు: "ఆప్షన్లు ఏంటి అత్తా?"

నవ్వొచ్చింది కానీ తప్పు ఆ పిల్లది కాదు. రెండేళ్లు విజయవాడలో బైపీసీ, పొద్దున ఆరుకే స్టడీ అవర్, వారానికో టెస్టు. ప్రశ్న కింద నాలుగు ఆప్షన్లు ఉంటాయి, అందులో ఒకటి కరెక్టు, మిగతా మూడూ తప్పు. మెడికల్ ఇంటర్వ్యూలో ఆ నాలుగూ ఉండవు. చాలాసార్లు ఆ ఒక్క కరెక్టు కూడా ఉండదు. మీరు ఎలా ఆలోచిస్తున్నారో పైకి చెబుతూ ఉంటే వినడానికే వాళ్లు కూర్చుంటారు.

నేను గైనకాలజిస్టుని. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివాను, విజయవాడ సూర్యారావుపేటలో ప్రాక్టీసు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకబ్బాయి ఏదో కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన నలభై జవాబులు బట్టీపట్టి లండన్ ఇంటర్వ్యూకి కూర్చున్నాడు. "నువ్వు ఓడిపోయిన సందర్భం చెప్పు" అని అడిగితే టీమ్‌వర్క్ జవాబు అప్పజెప్పి వచ్చాడు. సీటు రాలేదు. అప్పటినుంచి ఆదివారం సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టి మాక్ ఇంటర్వ్యూలు చేయిస్తున్నాను. ఆ అనుభవంతో రాస్తున్నదే ఇది.

ముందు మీకు ఇంటర్వ్యూ ఉందో లేదో చూసుకోండి

గుంటూరు మెడికల్ కాలేజీ, విజయవాడ సిద్ధార్థ, మంగళగిరి ఎయిమ్స్, ఏదైనా సరే, నీట్ ర్యాంకు, కౌన్సెలింగ్, అంతే. ఇంటర్వ్యూ లేదు. వీటికోసమే చదువుతుంటే ఈ వ్యాసం తీరిక ఉన్నప్పుడు చదవండి.

ఇంటర్వ్యూ ఉండేది ముఖ్యంగా మూడు చోట్ల. ఒకటి పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ. నీట్ మార్కులతో షార్ట్‌లిస్ట్ చేసి పిలుస్తారు. అక్కడ ఇంగ్లిష్, రీజనింగ్ పరీక్ష, సైకలాజికల్ అసెస్‌మెంట్, ఇంటర్వ్యూ, మెడికల్ ఫిట్‌నెస్ ఉంటాయి. చదువయ్యాక సైన్యంలో డాక్టరుగా చేయాలి కాబట్టి "ఎందుకు డాక్టరు" అనే ప్రశ్నకు "ఎందుకు యూనిఫాం" కూడా తోడవుతుంది.

రెండోది బ్రిటన్ లాంటి విదేశాల్లో ఎంబీబీఎస్. బ్రిటన్‌కి జూలై నుంచి సెప్టెంబరు లోపల యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, అక్టోబరు 15కల్లా అప్లికేషన్ పెట్టాలి. మెడిసిన్‌కి నాలుగు కాలేజీలే ఎంచుకోవచ్చు. ఇంటర్వ్యూలు ఎక్కువగా డిసెంబరు నుంచి మార్చి దాకా జరుగుతాయి. విదేశీ పిల్లలకు సీట్లు బాగా తక్కువ. చదువయ్యాక ఇండియాలో ప్రాక్టీసు చేసే ఆలోచన ఏమాత్రం ఉన్నా నీట్ క్వాలిఫై కావడం తప్పనిసరి అని మర్చిపోకండి.

మూడోది, ఇక్కడ ఎంబీబీఎస్ చేసి అమెరికా రెసిడెన్సీకి, అంటే అక్కడి ఆసుపత్రుల్లో స్పెషలిస్టు శిక్షణకి వెళ్లేవాళ్లు. గుంటూరులో ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లకీ కింద చెప్పేవి చాలావరకు పనికొస్తాయి.

తర్వాత, ఏ రకం ఇంటర్వ్యూనో తెలుసుకోండి

పాత పద్ధతి ప్యానెల్. ఎదురుగా ఇద్దరో ముగ్గురో కూర్చుని అడుగుతారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఇప్పటికీ ఈ దారిలోనే ఉన్నాయి. అక్కడ సైన్సు మీద లోతుగా ప్రశ్నలుంటాయి.

మిగతా చాలా కాలేజీల్లో మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ, పొట్టిగా ఎంఎంఐ. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతి ఇది. ఆరు నుంచి పది స్టేషన్లు, ఒక్కోచోట ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. గంట కొట్టగానే లేచి పక్క స్టేషన్‌కి వెళ్లాలి. ఒకచోట ఎథిక్స్, ఒకచోట ఏడుస్తున్న మనిషితో మాట్లాడటం, ఇంకోచోట గ్రాఫ్ చూసి చెప్పడం. ఒక స్టేషన్ పాడైతే అది అక్కడితో సరి, పక్కవాళ్లకి తెలియదు. కానీ మన పిల్లలు పాడైన దాన్ని నెత్తిన పెట్టుకుని పక్క గదిలోకి వెళ్తారు. ఇది పోవాలంటే ప్రాక్టీసు ఒక్కటే మందు.

కాలేజీ వెబ్‌సైట్‌లో ఇంటర్వ్యూ పేజీ ఉంటుంది. దేనికి మార్కులు వేస్తారో చాలామంది అక్కడే రాస్తారు. కన్సల్టెన్సీకి డబ్బు కట్టేముందు ఆ పేజీ చదవండి. ఉచితం.

"ఎందుకు డాక్టర్ అవుదామనుకుంటున్నావు?"

నూటికి తొంభై మంది పిల్లలు "సేవ చేయాలని" అంటారు. అడిగేవాళ్లు వదలరు: "సేవే అయితే నర్సు ఎందుకు కాకూడదు? టీచరు ఎందుకు కాకూడదు?" ఇక్కడ గొంతు తడారిపోతుంది. "మా నాన్నగారి కోరిక" అన్నవాళ్లు కూడా ఉన్నారు. నాన్నగారి కోరికయితే నాన్నగారినే ఇంటర్వ్యూకి పంపమంటారు!

జవాబు మీ జీవితంలోంచి రావాలి. దానికి ముందు జీవితంలో ఏదో ఒకటి చూసి ఉండాలి. స్టడీ అవర్‌కీ మెస్‌కీ మధ్య ఏం చూస్తారు అంటారా? నిజమే. అందుకే దీనికి కనీసం ఏడాది ముందునుంచి ఆదివారాలు దాచుకోండి. మీ ఫ్యామిలీ డాక్టరుగారిని అడిగి పది రోజులు ఓపీ బయట కూర్చోండి. పేషెంట్లు ఎంతసేపు ఆగుతున్నారో, లోపలికి వెళ్లి వచ్చాక చీటీ పట్టుకుని కాంపౌండర్‌ని మళ్లీ ఏం అడుగుతున్నారో గమనించండి. తెలిసినవాళ్ల మెడికల్ షాపులో నాలుగు సాయంత్రాలు నిలబడండి. ప్రిస్క్రిప్షన్ లేకుండా యాంటీబయాటిక్ అడిగేవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. వృద్ధాశ్రమానికి వెళ్తే ఒక్కరోజు పండ్లు పంచి ఫొటో దిగి రాకండి. ఒకే ఆశ్రమానికి పదిసార్లు వెళ్లండి. అసలు పేషెంట్ల ఫొటోలే తీయకండి. అదీ ఎథిక్స్‌లో భాగమే.

మా మేనకోడలి విషయం చెబుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు స్నేహితులతో కలిసి పాల ప్యాకెట్లు, మంచినీళ్లు పంచడానికి వెళ్లింది. ఒక డాబా మీద పెద్దాయన పాలు వద్దన్నాడట. "ఇన్సులిన్ ఉందా అమ్మా?" అన్నాడట. మూడు రోజులుగా కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు. ఆయన సీసాని తడిగుడ్డ చుట్టి మట్టికుండలో పెట్టుకున్నాడు. అందులో అడుగున కొంచెమే మిగిలింది. ఈ పిల్ల దగ్గర పాలున్నాయి, బిస్కెట్లున్నాయి, ఆయనకి కావలసింది లేదు. ఇంటికొచ్చి రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఇంటర్వ్యూలో ఇదే చెప్పమన్నాను. కానీ "అప్పుడే డాక్టర్ కావాలని నిర్ణయించుకున్నాను" అనే సినిమా ముగింపు పెట్టొద్దన్నాను. ఆ తర్వాత ఏం తెలుసుకుందో చెప్పమన్నాను. వరదలో ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చాలంటే ఏ ఇంట్లో షుగరుంది, ఎవరికి డయాలసిస్ ఉంది, ఎవరికి నెలలు నిండాయి అనే జాబితా కావాలి, అది ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. ఇవన్నీ తర్వాత ఆమె స్వయంగా వెళ్లి అడిగి తెలుసుకున్న సంగతులు. ఇలా చెప్పిన పిల్లని "నర్సు ఎందుకు కాకూడదు" అని ఎవరూ అడగరు. అడిగినా తడబడదు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి అనుభవానికీ మూడు ముక్కలు: ఏం చూశాను, అప్పుడేమనిపించింది, ఇప్పుడైతే ఏం చేస్తాను. మూడోది రాయకపోతే మొదటి రెండూ డైరీయే అవుతాయి.

ఎథిక్స్: ముహూర్తం పెట్టుకొచ్చిన ఆపరేషన్

పుస్తకాల్లో నాలుగు సూత్రాలు చెబుతారు. పేషెంట్ తన శరీరం గురించి తానే నిర్ణయించుకునే హక్కు, మేలు చేయడం, కీడు చేయకపోవడం, అందరికీ న్యాయం. ఇవి ఐదు నిమిషాల్లో నోటికొస్తాయి. స్టేషన్‌లోకి వెళ్లగానే నాలుగూ గడగడా చెప్పేసి ఊపిరి పీల్చుకుంటారు పిల్లలు. ఆ సూత్రాలు ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడు ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న.

నేను అందరికీ ఇచ్చే మొదటి కేసు మన ఊరిదే. రెండో కాన్పు. మొదటిది సిజేరియన్ కాబట్టి ఈసారీ పెద్దాపరేషనే అని అందరికీ తెలుసు. అత్తగారు సిద్ధాంతిగారి చేత రాయించిన కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది. శుక్రవారం తెల్లవారుజాము 4.20. ఆ రోజుకి ముప్పై ఏడు వారాలు నిండి రెండు రోజులు. "ఇది దాటితే మూఢం వస్తోంది మేడమ్" అన్నారు. మీరు డాక్టరు. ఏం చేస్తారు?

మొదట ఒకబ్బాయి: "మూఢనమ్మకం. ఒప్పుకోను. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లమంటాను." ఇంకో అమ్మాయి: "పేషెంట్ ఇష్టం ముఖ్యం కదా మేడమ్, చేసేస్తాను." ఇద్దరూ ఒక్కో సూత్రాన్ని పట్టుకుని ఆగిపోయారు. అబ్బాయికి ఎదుటివాళ్ల నమ్మకం కనబడలేదు. అమ్మాయికి బిడ్డ కనబడలేదు. అసలు పేషెంట్ ఇద్దరికీ కనబడలేదు. ఆ గదిలో ఇప్పటిదాకా మాట్లాడింది అత్తగారు.

సరైన వరస ఇలా ఉంటుంది. ముందు సమాచారం: ప్రత్యేక కారణం లేకుండా ముప్పై తొమ్మిది వారాలకు ముందే సిజేరియన్ చేస్తే పుట్టిన బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం పెరుగుతుంది, ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో పెట్టాల్సి రావచ్చు. అది వాళ్లకి తెలుసా? తర్వాత పేషెంట్‌తో ఒంటరిగా మాట్లాడాలి. తర్వాత నమ్మకాన్ని వెక్కిరించకుండా మధ్యేమార్గం వెతకాలి. ఏదీ కుదరకపోతే బిడ్డకు కీడు చేసే పని మాత్రం చేయను అని మర్యాదగా చెప్పాలి.

నిజంగా జరిగింది చెబుతాను. ఆ గర్భిణిని పరీక్ష చేయాలని లోపలికి పిలిచి అడిగాను. "మీరేదంటే అదే మేడమ్. బిడ్డ బాగుంటే చాలు. కానీ నేనన్నానని మాత్రం బయట చెప్పొద్దు" అంది. బయటికొచ్చి నా మాటగానే చెప్పాను: "అమ్మా, బిడ్డ లోపల ఇంకో పదిహేను రోజులుంటే ఊపిరితిత్తులకి మంచిది. ముప్పై తొమ్మిది నిండాక ఉన్న రోజుల్లో ఏది మంచిదో సిద్ధాంతిగారినే అడగండి, నా పక్కనుంచి ఏ టైమైనా సరే." మర్నాటికి ఇంకో కాగితం వచ్చింది. మూఢంలో కూడా పనికొచ్చే ఘడియ దొరికిందట.

ఈ ఒక్క కేసులో సమ్మతి, గోప్యత, కీడు చేయకపోవడం, కుటుంబ సంస్కృతిని గౌరవించడం అన్నీ ఉన్నాయి. దీని తర్వాత "ఆంధ్రలో సిజేరియన్లు ఎందుకెక్కువ?" అని పెద్ద ప్రశ్నకు వెళ్లొచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే. ముహూర్తాలు ఒక కారణం మాత్రమే. నొప్పుల భయం, కోర్టు కేసుల భయం, రాత్రిపూట డ్యూటీకి మనుషులు లేకపోవడం, బిల్లు, అన్నీ ఉన్నాయి. డాక్టర్ల తప్పు కూడా ఒప్పుకుని మాట్లాడిన పిల్లలు నాకు నచ్చుతారు. అడిగేవాళ్లకీ నచ్చుతారు.

మరికొన్ని కేసులు

సంబంధాల ఫోను. "డాక్టరుగారూ, ఫలానా అబ్బాయి మీ దగ్గర చూపించుకుంటున్నాడటగా. మా అమ్మాయికి చూస్తున్నాం, ఏమైనా ఉందా?" బెజవాడలో ప్రాక్టీసు చేసే ప్రతి డాక్టరుకీ ఈ ఫోను వస్తుంది. "ఏమీ లేదండీ, మంచి అబ్బాయే" అన్నా తప్పే, అతను మీ పేషెంటని ఒప్పుకున్నట్టే. "ఎవరి గురించీ చెప్పనండీ" అనేదే జవాబు. దీనికి కొసరు ప్రశ్న వస్తుంది: అతనికి హెచ్‌ఐవీ ఉంటే? 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మొదట అతనికే కౌన్సెలింగ్ ఇచ్చి భార్యకో భాగస్వామికో చెప్పమని ఒప్పించాలి. చెప్పడని తేలి, ఆమెకు నిజంగా ప్రమాదం ఉందనిపిస్తే, నేను చెప్పబోతున్నానని అతనికి తెలియజేసి అప్పుడు ఆమెకు చెప్పొచ్చు. ఆమెకే, ఫోను చేసిన మేనమామకి కాదు. ఈ మెట్లు వరసగా చెప్పగలిగితే చాలు, సెక్షన్ నంబర్లు అక్కర్లేదు.

"నాన్నకి చెప్పకండి." క్యాన్సర్ రిపోర్టు వచ్చింది. పెద్దకొడుకు పక్కకి పిలిచి చేతులు పట్టుకుంటాడు. మన దగ్గర ఇది ప్రేమ. బ్రిటన్ ఇంటర్వ్యూలో "కుటుంబం అడిగింది కాబట్టి దాస్తాను" అంటే నష్టమే. అలాగని "పేషెంట్ హక్కు, వెంటనే చెప్పేస్తాను" అన్నా మనిషితనం లేనట్టుంటుంది. కొడుకు భయం ఏమిటో ముందు వినండి. తర్వాత ఆ పెద్దాయననే అడగండి: "మీ రిపోర్టుల గురించి మీకే వివరంగా చెప్పమంటారా, లేక అబ్బాయితో మాట్లాడమంటారా?" ఎంత తెలుసుకోవాలో నిర్ణయించుకునే హక్కు కూడా ఆయనదే.

సంతకం. కడుపులో చిన్న పరీక్ష కోసం మత్తిచ్చాక సమస్య పెద్దదని తేలింది, బయట ఉన్న తల్లి సంతకం తీసుకుని గర్భసంచి తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. ప్రాణాపాయం లేనప్పుడు, పెద్దవయసు పేషెంట్ తానే మేలుకుని చెప్పగలిగేదాకా ఆగాలి. ఒకదానికిచ్చిన ఒప్పుకోలు ఇంకోదానికి పనికిరాదు. ఇక ప్రాణాపాయం ఉంటే వైద్యం ముందు, కాగితాలు తర్వాత. 1989లోనే కోర్టు ఆ మాట చెప్పింది.

కారుణ్య మరణం. మన దేశంలో 2018లో సుప్రీంకోర్టు గౌరవంగా చనిపోయే హక్కును, లివింగ్ విల్లును (చివరి దశలో యంత్రాలతో బతికించొద్దని ముందే రాసిపెట్టుకునే కాగితం) ఒప్పుకుంది. 2023లో ఆ పద్ధతిని కాస్త సులువు చేసింది. ఒప్పుకున్నది యంత్రాలు తీసేయడాన్నే, చనిపోవడానికి ఇంజెక్షన్ ఇవ్వడాన్ని కాదు. ఈ తేడా చెప్పలేక చాలామంది ఇక్కడే జారతారు. బ్రిటన్‌లో ఇది వేడి మీదున్న చర్చ. చావుకు దగ్గరైన పేషెంట్ కోరితే సాయం చేసే బిల్లును 2025 జూన్‌లో అక్కడి పార్లమెంటు దిగువసభ కామన్స్ ఆమోదించి ఎగువసభ లార్డ్స్‌కి పంపింది. మీ అభిప్రాయం ఏదైనా ఫర్లేదు. ఎదుటి పక్షం వాదన కూడా వాళ్లు మెచ్చుకునేంత బాగా చెప్పగలగాలి.

కిడ్నీ అమ్మకం, కమిషన్లు. "అప్పు తీర్చుకోవడానికి నా కిడ్నీ నేనమ్ముకుంటా, నా ఒళ్లు నా ఇష్టం" అంటే ఏమంటారు? 1994 చట్టం అవయవాల అమ్మకాన్ని నేరం చేసింది. ఎందుకో ఆలోచించి పెట్టుకోండి. అలాగే ఊళ్లో ఆర్‌ఎంపీ పేషెంట్‌ని పంపినందుకు కమిషన్ ఇవ్వడం. 2002 వైద్య నియమావళి దీన్ని నిషేధించింది. జరగడం లేదా అంటే, ఆ ప్రశ్నకు నేను ఇక్కడ జవాబు రాయనక్కర్లేదు.

ఒక జాగ్రత్త. ఏ దేశం ఇంటర్వ్యూ అయితే ఆ దేశం చట్టం. పదిహేనేళ్ల అమ్మాయి అమ్మకు తెలియకుండా గర్భనిరోధక మాత్రలు అడిగింది అనేది బ్రిటన్‌లో బాగా నలిగిన ప్రశ్న. అక్కడ 1985 నాటి గిల్లిక్ తీర్పు ప్రకారం ఆ అమ్మాయికి విషయం పూర్తిగా అర్థమవుతోందా అని చూస్తారు. మన దగ్గర పద్దెనిమిదిలోపు అంటే పోక్సో చట్టం, పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత వచ్చిపడతాయి. ఇక్కడి జవాబు అక్కడ, అక్కడి జవాబు ఇక్కడ చెప్పకండి.

ఆరోగ్య సమస్యలు: పేపర్ చదవండి, కానీ జిల్లా పేజీతో మొదలెట్టండి

పిల్లలు నేరుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర మొదలెడతారు. నేను మాత్రం జిల్లా పేజీ తీయమంటాను. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలో తండాల్లో ఏళ్లుగా కిడ్నీ జబ్బులు ఎందుకు? శ్రీకాకుళం ఉద్దానంతో పోలికలేంటి? మంచి నీళ్ల పైపు వేస్తే వైద్యమా, డయాలసిస్ సెంటర్ పెడితే వైద్యమా? 2025లో గుంటూరు పక్కన తురకపాలెంలో వరసగా మనుషులు చనిపోతుంటే మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు అనుమానంతో పరీక్షలు చేశారు. అలాంటప్పుడు ఊళ్లోవాళ్లకి ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి? పల్నాడు మిర్చి చేలల్లో పురుగుమందు కొట్టే కూలీకి మాస్కు ఎందుకుండదు? వీటిలో ఒక్కదాన్ని లోతుగా చదివినా ఐదు నిమిషాల స్టేషన్ నిండిపోతుంది, పైగా ఆ జవాబు ఇంకెవరి దగ్గరా ఉండదు.

తర్వాత రాష్ట్రం, దేశం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, పెద్ద ఆపరేషన్లకి పేదవాడికి దారి చూపింది. అదే డబ్బు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పెట్టి ఉంటే? రెండు వైపులా వాదించండి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రి ఘటన తర్వాత డాక్టర్లు సమ్మె చేశారు. డాక్టరు సమ్మె చేయొచ్చా, ఎమర్జెన్సీ సంగతేంటి అన్నది ఎక్కడైనా అడిగే ప్రశ్నే. జనరిక్ మందులే రాయాలన్న నిబంధనను 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చి, ఆ నెలలోనే ఎందుకు పక్కన పెట్టిందో చదవండి.

బ్రిటన్‌కి వెళ్లేవాళ్లకి ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ, తెలియకపోతే పని జరగదు. 1948 జూలై 5న మొదలైంది. పన్నుల డబ్బుతో నడుస్తుంది, పేషెంట్ వైద్యానికి కౌంటర్లో డబ్బు కట్టడు. ఇంగ్లండ్‌లో వెయిటింగ్ లిస్టు 2022లో 70 లక్షలు దాటింది. జూనియర్ డాక్టర్లని 2024 సెప్టెంబరు నుంచి రెసిడెంట్ డాక్టర్లు అంటున్నారు. ఈ చిన్న మాట సరిగ్గా వాడితే మీరు పేపర్ చదువుతున్నారని వాళ్లకి తెలుస్తుంది.

మా అమ్మతో ఐదు నిమిషాలు

ఎంఎంఐలో నటులుంటారు. కోపంగా ఉన్న పేషెంట్‌గానో, చెడు కబురు వినాల్సిన పక్కింటాయనగానో నటిస్తారు. నా దగ్గర నటులు లేరు, మా అమ్మ ఉంది. ఎనభై దాటింది, షుగరుంది, మాత్రలు మానేస్తుంటుంది. కాబట్టి నటించనక్కర్లేదు.

అపార్ట్‌మెంట్ పిల్లల్లో ఒకడు మొదలెట్టాడు: "మామ్మగారూ, మీ హెచ్‌బీఏ1సీ 9.2 ఉందండి. ఇలాగే ఉంటే కిడ్నీలు పోతాయండి."

"పోతే పోతాయిలే నాయనా. ఎనభై ఏళ్లొచ్చినయ్. ఇంతకీ నీ పేరేంటి?"

ఆ కుర్రాడు పేరు చెప్పలేదు. కూర్చోలేదు కూడా.

తర్వాత వచ్చిన అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుని పేరు చెప్పి అడిగింది: "మాత్ర వేసుకుంటే ఏమవుతోంది మామ్మగారూ?"

"కడుపులో తిప్పుతోందమ్మా. పొద్దున్నే లేవగానే వేసుకుంటానా, ఇక టిఫిన్ సయించదు."

అదీ సంగతి. మెట్‌ఫార్మిన్ తిన్నాక వేసుకోవాలి, ఆవిడ పరగడుపున వేసుకుంటోంది. ఎదురింట్లో ఉన్న డాక్టర్ కూతురు, అంటే నేను, ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. "వేసుకున్నావా? ఎందుకు వేసుకోలేదు?" అని గద్దించడమే.

కాబట్టి రోల్‌ప్లేకి ఇది చాలు: పేరు చెప్పండి, కూర్చోండి, ఒక్క ప్రశ్న అడిగి నోరు మూసుకోండి. ఎదుటివాళ్లు ఏడిస్తే మాటలతో పూడ్చే ప్రయత్నం చేయకండి. పది సెకన్ల మౌనం మీకు గంటలా అనిపిస్తుంది, వాళ్లకి అనిపించదు. మీ ఇంట్లో కూడా నాయనమ్మో తాతయ్యో ఉంటారు. వాళ్లని అడగండి, సంతోషంగా ఒప్పుకుంటారు.

ప్రాక్టీసు, ఇంగ్లిష్, ఆ రోజు

ఫోన్‌లో టైమర్ పెట్టి, ప్రశ్న కాగితం ఒక నిమిషం చదివి, ఐదు నిమిషాలు మాట్లాడండి. వీడియో తీసుకుని చూడండి. మొదటిసారి మీ గొంతు మీకే నచ్చదు, అందరికీ అంతే. వారానికి మూడు కేసులు చాలు, రోజుకి పది వద్దు. జవాబులు రాసిపెట్టుకోకండి, పాయింట్లు రాసుకోండి. రాసిన వాక్యం వెంటనే బట్టీలోకి మారిపోతుంది.

ఇంగ్లిష్ గురించి తల్లిదండ్రులకి టెన్షన్ ఎక్కువ. యాస గురించి అక్కర్లేదు. అర్థమైతే చాలు. కష్టమైన కేసుని ముందు తెలుగులో ఆలోచించి మాట్లాడనివ్వండి, ఆలోచన కుదిరాక ఇంగ్లిష్‌లోకి వెళ్లొచ్చు. ఆలోచన లేకుండా ఇంగ్లిష్ ఒక్కటే వస్తే అది ఇంకా ప్రమాదం.

తెలియని ప్రశ్న వస్తే తెలియదనండి. "ఈ చట్టం వివరాలు నాకు తెలియవు, సీనియర్‌ని అడుగుతాను, అయితే పేషెంట్ వైపునుంచి చూస్తే..." అని ముందుకు సాగండి. సీనియర్‌ని అడుగుతాను అనడం చిన్నతనం కాదు. చిన్న డాక్టరు చేయాల్సింది అదే. జవాబు చెప్పాక వాళ్లు "కాదేమో?" అని రెట్టించొచ్చు. వెంటనే ప్లేటు తిప్పేయకండి. కొత్త విషయం చెబితే మారండి, ఊరికే నొక్కుతుంటే నిలబడండి.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే, చలికాలంలో వాళ్ల ఉదయం పది మనకు మధ్యాహ్నం మూడున్నర. సరిగ్గా ఆ టైముకే కింద ఉల్లిపాయల బండి మైకు వస్తుంది. రోడ్డు వైపు గది వద్దు. రూటర్‌కి ఇన్వర్టర్ కనెక్షన్ ఉందో చూసుకోండి, ఫోన్ హాట్‌స్పాట్ రెడీగా పెట్టుకోండి. నేరుగా వెళ్లేదైతే ఒకరోజు ముందే ఊరు చేరుకోండి. అమ్మానాన్నలు గేటు దగ్గర ఆగిపోవాలి, లోపలిదాకా రావద్దు.

చాలా కాలేజీలు లోపల అడిగినవి బయట చెప్పకూడదని మాట తీసుకుంటాయి. మా మేనకోడలి ఇంటర్వ్యూ అయిన గంటలోనే వాట్సాప్ మోగింది. అదే కాలేజీకి వారం తర్వాత ఇంటర్వ్యూ ఉన్న స్నేహితురాలు. "ఏం అడిగారే? ఒక్క రెండు చెప్పవే ప్లీజ్." ఫోన్ నాకు చూపించి "ఏం చేయను అత్తా?" అంది. నేనేమీ అనలేదు. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. వచ్చేసరికి జవాబు పంపేసింది: "చెప్పకూడదని సంతకం పెట్టానే. ఆదివారం మా అత్తవాళ్లింటికి రా, నాయనమ్మతో ప్రాక్టీస్ చేద్దాం."